ఒకే కొలత

గుట్ట సగం ఎక్కేసరికి ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకింది.

వెనక సీట్లో కూర్చున్న టంకమ్మకు ముల్లు కనిపించలేదు. ఆమెకు ముందు వాసన తెలిసింది. మరుగుతున్న నీళ్ళు, కొత్త రంగు, కాలుతున్న రబ్బరు. తర్వాత బానెట్ అంచుల్లోంచి ఆవిరి లేచి ముందు అద్దాన్ని తెల్లగా కప్పేసింది. పళ్ళ డాక్టరు బండిని రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపాడు. ఆపినా లోపల గడగడ ఆగలేదు.

డాక్టరు, పక్క సీట్లోని గ్యారేజీ మేస్త్రి, టంకమ్మ ముగ్గురూ దిగారు.

ఏడు నెలల పని అది. కోళ్ళ షెడ్డులో తుప్పు ముద్దగా పడివున్న బండిని డాక్టరు కొని తెచ్చినప్పుడు గ్యారేజీల సందంతా నవ్వింది. డాక్టరు ప్రాక్టీసు మానేసి నాలుగేళ్ళయింది. బండి వయసు ఆయన వయసుకంటే ఎక్కువ. దాన్ని ఒక్కో మరా విప్పి, కడిగి, సొట్టలు తీసి, రంగేసి, ఇవాళ మొదటిసారి రోడ్డెక్కించారు. ఆదివారం పాత బండ్లవాళ్ళంతా కలిసి ఈ గుట్ట మీదుగా ఊరు చుట్టి వస్తారు. డాక్టరు తన పేరు రాయించేశాడు. ఇవాళ బుధవారం.

వెనక వస్తున్న లారీ ఒకటి ఆగింది. సందులోవాళ్ళదే. డ్రైవరు తల బయటపెట్టి చూస్తున్నాడు.

"రేడియేటరే డాక్టరుగారూ," అన్నాడు మేస్త్రి, బానెట్ ఎత్తకుండానే. "బజార్లో పెద్ద షాపుకి ఇవ్వాల్సింది. ఇంటి మనిషి కదా అని ఇచ్చాను. నాదే బుద్ధి తక్కువ."

ఆ ఇంటి మనిషి ఆయనకు రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది.

టంకమ్మ మేస్త్రి తమ్ముడి భార్య. మేస్త్రి గ్యారేజీ పక్కనే, అదే రేకుల కప్పు కింద, ఆమె షెడ్డు. కారిపోయే రేడియేటర్లకు టంకం పెట్టడం, మూసుకుపోయినవాటిని విప్పి గొట్టాలు శుభ్రం చెయ్యడం ఆమె పని. ఆ విద్య పుట్టింటి నుంచి, తండ్రి దగ్గర నేర్చుకుని తెచ్చుకున్నది. టంకం పెట్టే అమ్మ కాబట్టి సందులో ఎవరో టంకమ్మ అన్నారు. ఇప్పుడు మొగుడు కూడా ఫోన్లో ఆ పేరుతోనే రాసుకున్నాడు.

ఆమెకు అక్కడ నోరు తెరిస్తే ఏడుపు వచ్చేలా ఉంది.

డాక్టరు ఆమె వైపు చూశాడు. పన్ను పీకక తప్పదని చెప్పే ముందు పేషెంటు వైపు చూసే చూపు. నెమ్మదిగా, నొప్పి తెలియకుండా చెప్పాడు. పట్నంలో తనకు తెలిసిన రేడియేటర్ల కంపెనీ ఉందట. రేపు పంపిస్తే శనివారానికి లోపలి గొట్టాల కోరు కొత్తది వేసి ఇస్తారట. అందులో ఎవరి తప్పూ లేదట.

లారీ డ్రైవరు తల లోపలికి తీసుకుని బండి కదిలించాడు. మాట ఇంకో పది నిమిషాల్లో సందు చేరుతుందని ముగ్గురికీ తెలుసు.

ఇంట్లో రెండు కాపురాలు, ఒకటే వంటిల్లు. టంకమ్మ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళేటప్పటికి తోడికోడలికి సంగతంతా తెలిసిపోయింది. మేస్త్రి భోజనానికి కూర్చుని ఉన్నాడు. ఈ మధ్య ఆయన చెంచాతో తింటున్నాడు, అదీ ఎడమ చేత్తో. పళ్ళ డాక్టరుతో సావాసం కదా, దొరల పద్ధతులు పట్టుబడ్డాయని పెళ్ళాం ఎగతాళి చేస్తుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఇవాళ ఆవిడ ఎగతాళి చెయ్యలేదు. నలుగురూ వినేలా ఇంటి కోడలిని అంత మాట ఎలా అన్నారని అడిగింది. బండి పొంగిందిగా, కారణం చెప్పాలిగా అన్నాడాయన, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. సగం తిని లేచిపోయాడు.

తోడికోడలు టంకమ్మ ముందు పళ్ళెం పెట్టింది.

"ఏడుస్తావా, తింటావా? రెండూ ఒకేసారి చేస్తే పొరపోతుంది."

"తింటాను అక్కా," అంది టంకమ్మ. "రేపు పొద్దున్నే ఆ రేడియేటర్ విప్పాలి."

మొగుడు ఫోన్ చేశాడు. లారీలో మూడు రోజుల దూరంలో ఉన్నాడు. ఆయనకూ మాట చేరింది. అన్నయ్యతో మాట్లాడతానన్నాడు. వద్దంది. పోనీ తిడతానన్నాడు. అదీ వద్దంది. మరి మొగుడన్నాక నేను చెయ్యాల్సిందేంటి అని అడిగాడు. నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికి రా, చాలు అంది.

గురువారం పొద్దున ఆమె షెడ్డు తలుపు తీసేటప్పటికే స్కూలు బస్సు డ్రైవరు వచ్చి నిలబడి ఉన్నాడు. తన రేడియేటర్ తీసుకుపోతానన్నాడు. ఇంకా ముట్టుకోనే లేదు కదా అంటే, అర్జెంటమ్మా అన్నాడు, ఆమె మొహం చూడకుండా. తొమ్మిదింటికి ఎదురు షెడ్డు లారీవాళ్ళు వచ్చారు. వాళ్ళూ ఏమీ అనలేదు. చెరో పక్కా పట్టుకుని రేడియేటర్ని రోడ్డు దాటించారు. వాళ్ళు పోయాక ఆమె బల్ల మీద రెండు చదరపు మరకలు మిగిలాయి, దుమ్ము లేని చోట.

ఆ బల్లను చాలాసేపు చూసింది. ఆరు నెలలు ఇలాగే ఖాళీగా ఉంటే తను వంటింట్లోకి వెళ్ళిపోవాల్సిందే. వంటిల్లంటే ఆమెకు కోపం లేదు. కాని అక్కడ తోడికోడలు ఉంది, తన అవసరం లేదు. ఈ బల్ల దగ్గర మాత్రం ఆమె అవసరం ఉన్న మనిషి.

రెంచి తీసుకుని గ్యారేజీలోకి వెళ్ళి రేడియేటర్ విప్పడం మొదలుపెట్టింది. మేస్త్రి వద్దనలేదు. సాయమూ పట్టలేదు. దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

ఆ చెయ్యి జేబులో ఎందుకుందో టంకమ్మకు తెలుసు. సందులో ఇంకెవరికీ తెలియదు. రెండేళ్ళ క్రితం ఒకరోజు ఆయన ఒక సన్నటి పిన్నును రంధ్రంలో పెట్టలేక నాలుగుసార్లు కింద పడేసుకోవడం ఆమె చూసింది. అయిదోసారి ఆమె ఆ పిన్ను తీసి, రంధ్రంలో దూర్చి, దాని రెండు కాళ్ళూ వంచేసి వెళ్ళిపోయింది. మర్నాడు ఆమె బల్ల మీద ఒక నూనె గుడ్డ మూట కనిపించింది. లోపల కార్బొరేటర్ సూదులు. శుభ్రం చేసి, అమర్చి, అదే గుడ్డలో కట్టి ఆయన బల్ల మీద పెట్టింది. అప్పటినుంచి అలాగే జరుగుతోంది. సన్న పనులు మూటలో వస్తాయి, మూటలో పోతాయి. ఆయన అడగడు, ఆమె చెప్పదు. మేస్త్రి చేతిపని ఇంకా అలాగే ఉందని సందంతా అంటుంది. ఆమెకు అది వినడం బాగుంటుంది.

రేడియేటర్ని ఎత్తి బల్ల మీద నిలబెట్టింది. కింది గొట్టానికి చెక్క బిరడా కొట్టి నిండా నీళ్ళు పోసింది. తండ్రి లెక్క ఒకటుంది. బిరడా లాగితే నీళ్ళు చేతిమణికట్టంత లావున పడాలి, ఇరవై లెక్కపెట్టేలోగా ఖాళీ అయిపోవాలి. లాగింది. పద్దెనిమిదికి చివరి చుక్క పడింది. మళ్ళీ పోసింది. మళ్ళీ పద్దెనిమిది. పై మూత విప్పి, కింద లైటు పెట్టి, ఒక్కో గొట్టంలోంచి కన్ను పెట్టి చూసింది. ఎనభై నాలుగు గొట్టాలు, ఎనభై నాలుగు వెలుగు చుక్కలు. ఒక్కటీ మూసుకోలేదు.

అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. ముక్కు చీది, మూత తిరిగి టంకం పెట్టి, బయటికి వచ్చి చెప్పింది.

"రేడియేటర్ బాగుంది బావగారూ."

"నువ్వు చేసింది నువ్వే చూసుకుంటే బాగానే ఉంటుంది," అన్నాడు మేస్త్రి.

మాట అయితే అన్నాడు గాని, నేల వైపు చూస్తూ అన్నాడు. ప్లగ్గులు నిప్పురవ్వ వేసే టైమింగ్ ఒకసారి చూద్దామా, ఫ్యాను బెల్టు బిగువు చూద్దామా అని ఆమె అడిగింది. అన్నీ తనే స్వయంగా పెట్టానన్నాడు. టైమింగ్ పాయింట్లు కూడా మూటలో వచ్చినవే.

సాయంత్రం పట్నం పోయే పార్సిలు వ్యాను వచ్చేలోగా ఆమె డాక్టరుకు ఫోన్ చేసింది. రేపు మధ్యాహ్నం దాకా ఆగమంది. ఈ రేడియేటర్‌తోనే ఇంజను ఒక్కసారి నడిపించి చూపిస్తాను, అప్పటికీ అదే తప్పని తేలితే నేనే స్వయంగా మోసుకుని పట్నం తీసుకెళ్తానంది. డాక్టరు, ఒక్కరోజు మందు వాడి చూడటంలో నష్టం లేదన్నాడు.

శుక్రవారం ఎనిమిదింటికి డాక్టరు వచ్చాడు. చొక్కా జేబులో ఎప్పటిలా చిన్న గుండ్రటి అద్దం ఉంది, పొడుగాటి కాడకు అతికించింది. ప్రాక్టీసు మానేసినా దాన్ని మానలేదు. వెనకపళ్ళు చూసే ఆ అద్దంతో ఇప్పుడు ఇంజను సందులు చూస్తాడు.

టంకమ్మ రేడియేటర్ తిరిగి బిగించి, నీళ్ళు నింపి, ఇంజను స్టార్ట్ చెయ్యమంది. పావుగంట నడిచింది. ఆమె ముందు రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టింది. పైభాగం వేడిగా ఉంది, కిందికి పోయేకొద్దీ చల్లబడుతోంది. డాక్టరును కూడా చెయ్యి పెట్టి చూడమంది. రేడియేటర్ పని వేడిని దించడం, అది దించుతోంది. ఇక్కడిదాకా వచ్చిన నీళ్ళు చల్లబడుతున్నాయి. ఇక్కడికి రాని నీళ్ళ సంగతే చూడాలి.

ఒక గిన్నెలో నీళ్ళు తెచ్చుకుంది. యాక్సిలేటర్ కాస్త తొక్కి పట్టమని డాక్టరుకు చెప్పి, వేళ్ళు ముంచి ఇంజను పైమూత మీద ముందువైపు రెండు చుక్కలు చిలకరించింది. హెడ్డు అంటారు దాన్ని. చుక్కలు పరుచుకుని, నింపాదిగా ఆరాయి. రెండో సిలిండరు మీద చిలకరించింది. కాస్త త్వరగా ఆరాయి. మూడో దాని మీద చుయ్యిమన్నాయి. నాలుగోది, అన్నిటికంటే వెనకది. అక్కడ చుక్క పడీ పడగానే ఆవిరైపోయింది.

మేస్త్రి గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు.

ఆమె మళ్ళీ చిలకరించింది, ముందు నుంచి వెనక్కి, వరుసగా. మళ్ళీ అదే వరస. డాక్టరు కిందికి దిగి, ఆమె పక్కన వంగి, తనూ వేళ్ళు ముంచి చిలకరించాడు. చిన్నపిల్లాడిలా నాలుగుసార్లు చేశాడు. ఇంజను ఆపి ప్లగ్గులు విప్పించాడు. ముందు రెండూ కాఫీ రంగులో ఉన్నాయి. వెనక రెండూ సున్నం పూసినట్టు తెల్లగా మాడి ఉన్నాయి. అద్దం పెట్టి లోపలికి చూశాడు.

"ముందు పళ్ళు బాగున్నాయి మేస్త్రీ. జబ్బంతా దవడ పళ్ళకే."

వెనక్కి నీళ్ళు పోవడం లేదు. అది ఇప్పుడు ముగ్గురికీ తెలుస్తోంది. పంపు ముందు ఉంది. నీళ్ళు ముందు నుంచి బ్లాకులోకి దిగి, వెనకదాకా నడిచి, అక్కడ పైకెక్కి, హెడ్డులోంచి తిరిగి ముందుకు వచ్చి రేడియేటర్‌లో పడాలి. దారిలో ఎక్కడో తప్పిపోతున్నాయి. హెడ్డు విప్పితేగాని తెలియదు.

మేస్త్రి పెద్ద స్పానరు తీసుకున్నాడు. పెద్ద స్పానరు ఆయన చేతిలో వణకదు. బరువుకు అణిగి ఉంటుంది. ఒక్కో నట్టూ వదులు చేశాడు. టంకమ్మ ఇంకో వైపు నుంచి వదులు చేసింది. ఇద్దరూ చెరో అంచు పట్టుకుని హెడ్డు ఎత్తి బల్ల మీద పెట్టారు. బ్లాకు మీద రాగి గాస్కెట్ ఒక్కటి మిగిలింది, ఎండలో మెరుస్తూ. బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే రేకు అది. నీళ్ళు కిందినుంచి పైకి పోవాలంటే దానిలోని రంధ్రాల్లోంచే పోవాలి.

అది చూడగానే టంకమ్మ గోడ వైపు తిరిగింది.

గోడకు మేకు మీద పాత గాస్కెట్ వేలాడుతోంది. ఆమె దాన్ని తీసి కొత్తదాని మీద పెట్టింది. చూడకముందే తెలిసిపోయింది గాని, పెట్టి చూసింది. పాతదానిలో ముందు నీటి రంధ్రాలు పెన్సిలు పట్టేంత ఉన్నాయి. వెనక్కి పోయేకొద్దీ పెద్దవవుతూ, చివరి రెండూ బొటనవేలు దూరేంత ఉన్నాయి. కొత్తదానిలో పదీ ఒకే కొలత. బొటనవేలంత. చక్కగా, గుండ్రంగా, ఆకురాయితో అంచులు నున్నగా చేసి.

ఇలాంటి బండికి గాస్కెట్ బజార్లో దొరకదు. నెలన్నర కిందట పాత గాస్కెట్టూ రాగి రేకూ గుడ్డలో చుట్టి ఆమె బల్ల మీదికి వచ్చాయి. పాతది తుప్పు, మసి పట్టి అంచులన్నీ తినేసి ఉంది. రంధ్రాలు చిన్నా పెద్దా ఉంటే, చిన్నవి మసి పేరుకుని పూడుకున్నాయనుకుంది. అన్నీ పెద్దదాని కొలతకే కొట్టి, ఒకదానితో ఒకటి సరిచూసుకుని మురిసిపోయింది. అప్పుడొక అనుమానం వచ్చిన మాట నిజమే. ఒక్క అడుగు అవతల ఉన్నాడాయన. వెళ్ళి, ఇవి చిన్నవెందుకున్నాయి బావగారూ అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. కాని అడిగితే మూట సంగతి మాటల్లోకి వచ్చేది. మాటల్లోకి రావడం ఆయనకు ఇష్టం లేదని ఆమె అడగలేదు.

"ఏంటమ్మా?" అన్నాడు డాక్టరు.

ఆమె రెండు గాస్కెట్లూ పక్కపక్కన పెట్టి చూపించింది.

"బస్సులో ముందు తలుపు చిన్నదిగా పెడితే జనం లోపలికి జరుగుతారు. ముందే పెద్ద తలుపు తెరిచేస్తే వెనకదాకా ఎవరూ పోరు. ఇక్కడా అంతే డాక్టరుగారూ. నీళ్ళన్నీ ముందు రంధ్రాల్లోంచే పైకెక్కి వెళ్ళిపోతున్నాయి. మామూలు రోడ్డు మీద సరిపోతుంది. ఎత్తు ఎక్కితే వెనక మాడిపోతుంది."

డాక్టరు రెండు గాస్కెట్లనీ మార్చి మార్చి చూశాడు. తల ఊపాడు. తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు గాని, గుట్ట మీద ఈమెను చూసిన చూపు ఇప్పుడు ఆయన మీద ఉంది.

"గాస్కెట్ నీ చేత్తో కోశానని చెప్పావు కదా మేస్త్రీ."

మేస్త్రి గాస్కెట్ వైపే చూస్తున్నాడు.

టంకమ్మకు ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంది. ఏమీ అనకుండా నిలబడితే చాలు. రేడియేటర్ మంచిదని తేలిపోయింది. తన పేరు తనకు వచ్చేసింది. మధ్యాహ్నానికి సందంతా తెలుస్తుంది. గుట్ట మీద అన్న మాట అన్నవాడి మీదికే తిరిగి వస్తుంది. ఇందులో ఆమె చెయ్యాల్సింది కూడా ఏమీ లేదు. నోరు మూసుకోవడం తప్ప.

"కోసింది నేను," అంది.

డాక్టరుకు అర్థం కాలేదు. "నువ్వా? నీది రేడియేటర్ల పని కదా. గాస్కెట్ నువ్వెందుకు కోశావు?"

"ఆయన ఊళ్ళో లేనప్పుడు... నేనే తీసుకుని..."

"అబద్ధం ఆడకమ్మాయ్," అన్నాడు మేస్త్రి.

జేబులోంచి కుడి చెయ్యి తీసి, అరచెయ్యి కిందికి పెట్టి, డాక్టరు ముందుకు చాపాడు. దాచుకోవడానికి ఏమీ పట్టుకోలేదు. చెయ్యి వణికింది. ముందు వేళ్ళు, తర్వాత మణికట్టు.

"ఇందుకు," అన్నాడు.

డాక్టరు ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. వేళ్ళు ముడిచి తెరవమన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

"ఎవరికైనా చూపించావా?"

"ఇప్పుడే చూపించాను."

డాక్టరు నవ్వాడు గాని చెయ్యి వదల్లేదు. వణుకన్నీ ఒక రకం కాదన్నాడు. కొన్నిటికి మందుంది, కొన్నిటికి లేదు. ఏది ఏదో తేల్చే డాక్టరు తనకు తెలుసు, సోమవారం తీసుకెళ్తానన్నాడు. బుధవారం పట్నం కంపెనీ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ జేబులో పెట్టలేదు. టంకమ్మ వైపు చూడకుండా బ్లాకు వైపు చూస్తూ మాట్లాడాడు.

"గుట్ట మీద బండి పొంగగానే నాకు ఈ చెయ్యే గుర్తొచ్చిందమ్మాయ్. ఎక్కడ ఏం వదిలేశానో, ఏం వంకరగా పెట్టానో అని భయమేసింది. అది బయటపడకముందే ఏదో ఒకటి అనాలి. పక్కన నువ్వున్నావు."

ఆమె దగ్గర అనడానికి ఉన్న మాటలన్నీ బుధవారం నాటివి. అవి ఇప్పుడు పనికిరావు.

ఆయన బయటికి వెళ్ళాడు. రోడ్డు దాటి ఎదురు లారీ షెడ్డులోకి వెళ్ళడం ఆమె గుమ్మంలోంచి చూసింది. అక్కడ ఏం చెప్పాడో ఇక్కడికి వినపడలేదు. నలుగురు పని ఆపి ఆయన వైపు చూస్తున్నారు. ఒకసారి ఆయన కుడి చెయ్యి పైకెత్తి చూపించాడు. కాసేపటికి లారీ రేడియేటర్ని భుజం మీద పెట్టుకుని వచ్చాడు. సాయం వస్తానన్న డ్రైవరును వద్దన్నాడు కాబోలు, వాడు రెండడుగులు వెనక నడుస్తున్నాడు, పడితే పట్టుకోవడానికి. మేస్త్రి ఆమె షెడ్డులోకి వచ్చి, బల్ల మీద రెండు మరకల్లో పెద్దదాని మీద రేడియేటర్ దింపాడు. కాస్త జరిపి సరిగ్గా పెట్టాడు.

"స్కూలు బస్సువాడు సాయంత్రం తెస్తానన్నాడు," అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు భోజనాల దగ్గర ఆయన మళ్ళీ చెంచాతోనే తిన్నాడు. తోడికోడలు ఆయన గ్లాసును సగమే నింపి పెట్టింది. తొణక్కుండా. చాలా రోజులుగా అలాగే పెడుతోందని టంకమ్మ అప్పుడే గమనించింది.

ఆదివారం బండి గుట్ట ఎక్కింది. ముల్లు సగం దగ్గర నిలబడి, పైదాకా అక్కడే ఉంది. కాని అది తర్వాతి మాట. దానికి ముందు శనివారం పొద్దున ఉంది.

శనివారం పొద్దున రాగి రేకు మూటలో రాలేదు. మేస్త్రి దాన్ని చంకలో పెట్టుకుని తనే వచ్చాడు. ఆమె బల్లకు అవతలివైపు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆమె రేకును మంట మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తబరిచింది. ఆయన పాత గాస్కెట్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఒక్కో రంధ్రం కొలత చెప్పాడు. ముందు రెండూ ఎనిమిది, తర్వాతవి పది, ఆపైన పన్నెండు, పద్నాలుగు, చివరివి పద్దెనిమిది. ఆమె రేకు మీద గీస్తూ పోయింది. మధ్యలో ఆగి అడిగింది.

"పోయినేడు జీపుకి కార్బొరేటర్ సూది మూడో గీత మీద పెట్టాను. సరైనదేనా?"

"సరైనదే."

"టైమింగ్ పాయింట్ల మధ్య సందు?"

"అదీ సరిగానే పెట్టావు. అడిగి ఉండాల్సింది అమ్మాయ్."

"ఎక్కడ అడగను? గుడ్డ మీద రాసి పంపనా?"

ఆయన గట్టిగా నవ్వాడు. పక్క షెడ్డులో ఎవరో తొంగిచూసి వెళ్ళారు. ఆ తర్వాత ఆమె రెండేళ్ళుగా దాచుకున్న అనుమానాలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసింది. పదకొండు ఉన్నాయి. తొమ్మిదింట్లో ఆమె చేసిందే సరైనది. ఒకటి తప్పు, కాని బండి దానికి అలవాటు పడిపోయింది. పదకొండోది ఆయనకే తెలియదు.

చిన్న రంధ్రాలు ఆమె ఒక్కతే కొట్టుకుంది, ఒక చేత్తో పంచ్ పట్టుకుని, ఇంకో చేత్తో సుత్తి వేసి. పెద్దవాటి దగ్గర చిక్కు వచ్చింది. పంచ్ లావుది. రెండు చేతులతో నిలబెట్టి పట్టుకుంటేగాని గీత మీద నిలవదు. క్రితంసారి ఒక్కతే తంటాలు పడి, గీత తప్పిన అంచును ఆకురాయితో సరిచేసుకుంది. ఈసారి మాత్రం అంచు గీత దాటడానికి వీల్లేదు.

"ఎవరైనా కొడితే బాగుండు," అంది.

ఆయన గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. బల్ల మీద ఉన్న చెక్క సుత్తి వైపు చూశాడు. పెద్దది, బరువుది. ఎడమ చేత్తో తీసి కుడి చేతిలోకి మార్చుకున్నాడు. పిడి చివర ఆయన పిడికిట్లో వణుకుతోంది.

"వేళ్ళు తియ్యి," అన్నాడు.

"తీస్తే పంచ్ ఎవరు పట్టుకుంటారు?"

"తగిలితే?"

"తగిలినప్పుడు చూద్దాం. కొట్టండి బావగారూ."

ఆయన సుత్తి ఎత్తాడు. పైన ఒక్క క్షణం అది గాలిలో ఊగింది. ఆమె సుత్తి వైపు చూడలేదు. పంచ్ అంచు గీత మీద ఉందో లేదో చూస్తూ, రెండు చేతుల పది వేళ్ళూ దాని చుట్టూ బిగించి వంగి ఉంది. సుత్తి దిగింది. దిగేటప్పుడు దాని బరువే దానికి దారి చూపింది. గట్టిగా, తిన్నగా, పంచ్ నడినెత్తిన పడింది. గుండ్రటి రాగి ముక్క ఒకటి రేకు కింది నుంచి ఊడి నేల మీద దొర్లింది.

ఆయన తన చేతిని చూసుకున్నాడు. తర్వాత ఆమె వేళ్ళను లెక్కపెట్టినట్టు చూశాడు.

ఆమె పంచ్‌ను పక్క గుర్తు మీదికి జరిపింది.

"దీని కొలత?"

"చివరి రెంటిదీ ఒకటే," అన్నాడు మేస్త్రి, సుత్తి ఎత్తుతూ. "గట్టిగా పట్టుకో."